ముక్కు దూలం: తీసిందెంత, మిగిల్చిందెంత

స్మారకోపన్యాస పాఠం



ఎవరి జ్ఞాపకార్థం ఇవాళ ఇక్కడ కలిశామో ఆయన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఆయన మాకు సార్. ఈ ఉపన్యాసంలోనూ అలాగే అంటాను. సార్ చెవికి, ముక్కుకి, గొంతుకి వైద్యం చేసినా, మాకు అన్నిటికన్నా ఓపిగ్గా నేర్పింది ముక్కు దూలం ఆపరేషన్. దాన్ని ఎవరూ పెద్ద ఆపరేషన్‌గా లెక్కపెట్టరు. గంట అటూ ఇటూగా అయిపోతుంది, ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. అయినా ఈఎన్‌టీ చదివే ప్రతి విద్యార్థీ మొదట్లో చెయ్యి పెట్టేది దాని మీదే. చెయ్యి తప్పితే ఆ తప్పు రోగి మొహం మీద జీవితాంతం కనిపించేదీ అక్కడే.

వంకర దూలాన్ని సరిచేసే పద్ధతులను పోల్చి చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఈ విషయంలో నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. ఏ పద్ధతి మేలు అన్న ప్రశ్నకు సగం జవాబు వంకర ఎక్కడ ఉందో చూస్తే దొరుకుతుంది. ఆ సగం పుస్తకాల్లో ఉంది. ఆ మనిషి ఆపరేషన్ తరవాత ఎక్కడికి పోతాడు, ఎన్నో రోజున పోతాడు, మళ్లీ మనకు కనిపిస్తాడా అని అడిగితే మిగతా సగం దొరుకుతుంది. నల్లగొండ, పాలమూరు అనే మహబూబ్‌నగర్, మన ఈ రెండు పాత జిల్లాల్లో ఆ రెండో సగాన్ని వదిలేసి పద్ధతిని ఎంచుకోవడం సరైన వైద్యం అనిపించుకోదు.

సభలో తెర మీద చూపిన బొమ్మలు ముద్రణలో లేవు కనుక వాటిని మాటల్లో పెడతాను. ముక్కు రంధ్రాల మధ్య ఉన్న గోడ పేరు దూలం. దాని ముందు భాగం మెత్తటి ఎముక, అంటే కార్టిలేజ్. నాలుగు మూలల పలకలా ఉంటుంది. మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. దాని వెనక పైభాగంలో ఎత్మాయిడ్ ఎముక పలక, కింది భాగంలో వోమర్ అనే ఎముక. అడుగున పై దవడ ఎముక మీద సన్నటి గాడి ఉంటుంది. కార్టిలేజ్ అంచు ఆ గాడిలో కూర్చుంటుంది. కార్టిలేజ్‌కి సొంత రక్తనాళాలు లేవు. రెండు పక్కలా దాన్ని అంటుకుని ఉన్న పొరే దానికి తిండి పెడుతుంది. రెండు పక్కలా ఆ పొర ఊడి, మధ్యలో రక్తం గడ్డకట్టి నిలిచిపోతే కొద్ది రోజుల్లోనే కార్టిలేజ్ చచ్చిపోతుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ సంగతి చుట్టూ తిరుగుతుంది.

వంకరలు ఎన్నో రకాలు. క్రొయేషియా వైద్యుడు మ్లాదినా 1987లో వాటిని ఏడు రకాలుగా విడదీశాడు. రోజువారీ పనికి మనకు నాలుగు చాలు. కార్టిలేజ్ ముందు అంచు గాడిలోంచి జారి ఒక రంధ్రంలోకి పొడుచుకుని రావడం ఒకటి. ఇది తల ఎత్తించి చూస్తే బయటికే కనిపిస్తుంది. దూలం ఒక పక్కకి విల్లులా వంగడం రెండోది. పైన ఒక పక్కకీ కింద ఇంకో పక్కకీ మెలికపడటం మూడోది. లోపల వెనక భాగంలో ముల్లులా ఒక ఎముక మొన పొడుచుకొచ్చి పక్క గోడని తాకడం నాలుగోది. ముక్కులోకి పోయే గాలికి ఎక్కువ అడ్డు తగిలేది మొదటి రెండు మూడు సెంటీమీటర్లలోనే. అక్కడ దారి బాగా ఇరుకు. అందుకే ముందు భాగంలో చిన్న వంకర పెట్టే బాధ, వెనక ఉన్న పెద్ద ముల్లు కూడా పెట్టదు. స్కాన్‌లో ముల్లు భయంకరంగా కనబడిందని ఆపరేషన్ చేసి, ముందున్న వంకరని వదిలేస్తే రోగికి ఊపిరి మారదు.

మన దగ్గరికి ఎవరు వస్తారు? తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికులు వస్తారు. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్‌కీ సూర్యాపేటకీ మధ్య బండి మీద నుంచి పడ్డ కుర్రాళ్లు వస్తారు. చిన్నప్పుడెప్పుడో అరుగు మీద నుంచి పడి ఆ సంగతే మరిచిపోయినవాళ్లు వస్తారు. దెబ్బే తగలకుండా ఎదిగే వయసులో దూలం వంకరపోయినవాళ్లూ ఉంటారు. వీళ్లతో పాటే మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పొట్టు పీల్చేవాళ్లు, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంటు దుమ్ములో పనిచేసేవాళ్లు, పత్తి జిన్నింగ్ మిల్లుల కూలీలు వస్తారు. అందరిదీ ఒకటే మాట: ముక్కు బిగుసుకుపోతోంది, రాత్రి నోటితో ఊపిరి తీస్తున్నా, గురక, తలనొప్పి, ముక్కుల ఎముక పెరిగిందన్నారు. టార్చి వేసి చూస్తే వీళ్లలో చాలామందికి ఎంతో కొంత వంకర కనబడుతుంది. కానీ నిట్టనిలువుగా ఉండే దూలం లోకంలోనే తక్కువ. కనబడ్డ ప్రతి వంకరా బాధకు కారణం కాదు. దుమ్ము అలర్జీతో లోపలి కండలు ఉబ్బిన మనిషికి దూలం సరిచేసి పంపితే, మిల్లులో మళ్లీ పనికి ఎక్కిన వారానికే ముక్కు మళ్లీ మూసుకుంటుంది. అలాంటివాళ్లకు ముందు ఉప్పునీటి కడుగుడు, స్టెరాయిడ్ స్ప్రే, మొహానికి గుడ్డ. కొన్ని వారాలు క్రమం తప్పకుండా వాడిన తరవాత కూడా ఒక పక్క బిగింపు వదలకపోతే అప్పుడు కత్తి మాట. సార్ ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉండేవారు. స్ప్రే ఎలా కొట్టుకోవాలో రోగి చేత తన ఎదుటే చేయించి చూసేవారు.

మరి అసలు ఆపరేషన్ పనిచేస్తుందా? వందేళ్లకు పైగా లక్షలమందికి చేసిన ఈ ఆపరేషన్‌ని మందులతో పోల్చి గట్టిగా పరీక్షించింది ఈమధ్యనే. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దవాళ్లతో చేసిన పరిశోధన 2019లో లాన్సెట్‌లో వచ్చింది. బ్రిటన్‌లో 17 ఆసుపత్రుల్లో 378 మందితో చేసింది 2023లో బీఎంజేలో వచ్చింది. బ్రిటన్ పరిశోధనలో సగం మందికి ఆపరేషన్ చేశారు, సగం మందికి ఆరు నెలలు స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి స్ప్రే ఇచ్చారు. ఆరు నెలలకు బాధల పట్టికలో సగటు మార్కులు ఆపరేషన్ వాళ్లకు 19.9, స్ప్రే వాళ్లకు 39.5. ఈ పట్టికలో మార్కులు తక్కువైతే బాధ తక్కువ. సరిగ్గా ఎంచుకున్న మనిషికి ఆపరేషన్ మేలు చేస్తుందని ఈ రెండు పరిశోధనలూ తేల్చాయి. కానీ ఒక ఆపరేషన్ పద్ధతిని ఇంకోదానితో ఇవి పోల్చలేదు. ఆ పోలికకు మనం చరిత్రలోకి వెళ్లాలి.

1757లో క్వెల్మాల్ట్స్ అనే జర్మన్ వైద్యుడు, వంకర దూలాన్ని రోజూ వేలితో నొక్కుతూ ఉండమని సలహా ఇచ్చాడు. ఆ తరవాతి వందేళ్లలో దూలాన్ని పట్టకారుతో విరిచి సరిచేయాలని చూసినవాళ్లు, పొరతో సహా ముల్లుని రంపంతో కోసేసినవాళ్లు ఉన్నారు. 1882లో షికాగోలో ఇంగల్స్ కార్టిలేజ్‌లోంచి ఒక త్రికోణపు ముక్కని తీశాడు. నేటి శస్త్రచికిత్స ఆయనతో మొదలైందంటారు. కానీ ముక్కులో పని చేయాలంటే రెండు అడ్డంకులు: నొప్పి, నెత్తురు. 1884లో కోలర్ కొకైన్‌తో తిమ్మిరి ఎక్కించవచ్చని చూపించడంతో నొప్పి అడ్డంకి తొలగింది. 1901 ప్రాంతంలో అడ్రినలిన్ చేతికి రావడంతో నెత్తురు అడ్డంకి తగ్గింది. 1902లో షికాగోలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిలియన్ ఎవరికి వారు ఒకే పద్ధతిని లోకం ముందు పెట్టడం ఈ రెండు మందుల తరవాతే సాధ్యమైంది.

ఇక్కడ మన సొంత చరిత్ర ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. కిలియన్ కన్నా కొద్దిముందు, 1888లోనూ 1889లోనూ, క్లోరోఫాం అనే మత్తుమందు మీద హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ని రప్పించారు, ఖర్చుకు నిజాం డబ్బిచ్చాడు. ఆ నిజాం ఆరో ఆసఫ్ జా మీర్ మహబూబ్ అలీ ఖాన్. మహబూబ్‌నగర్‌కు ఉన్న పేరు ఆయనదే. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలని ఆ కమిషన్లు తేల్చాయి. ఊపిరిని కనిపెట్టమన్న మాట నేటికీ నిలిచింది. గుండె గురించిన మాట నిలవలేదు. క్లోరోఫాం తేలికగా ఎక్కిన స్థితిలో అడ్రినలిన్ తోడైతే గుండె లయ చెదిరి ఆగిపోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ముక్కు ఆపరేషన్‌కి ఇంతకన్నా దగ్గరి విషయం లేదు. మనం దూలంలోకి ఎక్కించే మందులో అడ్రినలిన్ ఉండి తీరాలి. తరవాత వచ్చిన హాలోథేన్‌తోనూ ఇదే జాగ్రత్త అవసరమైంది. నేడు వాడే మత్తుమందులు మెరుగు. అయినా అడ్రినలిన్ ఎంత ఎక్కించబోతున్నామో మత్తు డాక్టరుకు నోరు విప్పి చెప్పడం సార్ మాకు నేర్పిన మొదటి క్రమశిక్షణ.

కిలియన్ పద్ధతినే మనం ఎస్‌ఎంఆర్ (సబ్‌మ్యూకస్ రిసెక్షన్) అంటాం. పొరను కోసి, రెండు పక్కలా కార్టిలేజ్ నుంచి విడదీసి, వంకరగా ఉన్న కార్టిలేజ్‌నీ ఎముకనీ చాలావరకు తీసేసి, రెండు పొరల్నీ మళ్లీ కలిపేస్తారు. ముక్కు వెన్ను వెంట పైన ఒక సెంటీమీటరు, ముందు అంచున ఒక సెంటీమీటరు కార్టిలేజ్‌ని మాత్రం ముట్టుకోరు. గుడిసెలో తడికలన్నీ పీకేసినా నిట్రాడు, వెన్నుగడ ఉన్నంతవరకు కప్పు కూలదు కదా, ఆ రెండు పట్టీల పని అదే. వాటిని సన్నగా మిగిల్చినా, అవి పైన ఎముకతో కలిసే చోట పట్టు వదిలినా, ముక్కు వెన్ను జీనులా కుంగుతుంది. కుంగుబాటు ఒక్కోసారి నెలల తరవాత కనిపిస్తుంది.

ఎస్‌ఎంఆర్‌ని తక్కువ చేసి మాట్లాడటం ఇవాళ ఫ్యాషన్ అయింది. నేనలా అనను. వెనక, మధ్యలో ఉన్న వంకరకి అది గట్టి ఆపరేషన్. వంకర మళ్లీ రావడానికి అక్కడ కార్టిలేజే మిగలదు. కానీ దాని లోపాలు మన ప్రాంతంలో ఎక్కువ బరువు. మధ్యలో గట్టిది లేకపోతే దూలం ఊపిరితో పాటు అటూ ఇటూ ఊగుతుంది. రెండు పొరలూ ఎదురెదురుగా చిరిగితే చిల్లు పడుతుంది. చిల్లు అంచుల్లో పక్కు కడుతుంది, పక్కు ఊడితే నెత్తురు కారుతుంది, చిన్న చిల్లయితే ఊపిరి తీసినప్పుడల్లా ఈల మోగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండలో, మిర్యాలగూడ వడగాలిలో పనిచేసే మనిషి ముక్కులో ఆ పక్కు ఎలా ఎండిపోతుందో ఇక్కడి వైద్యులకు చెప్పనక్కర్లేదు. ఎదుగుదల ఆగని పిల్లలకు, పదిహేడు పద్దెనిమిదేళ్ల లోపు, ఎస్‌ఎంఆర్ చేయకూడదన్నది పాత నియమం. అది సరైన నియమమే.

1958లో రెండు పనులు జరిగాయి. షికాగోలో కాటిల్ తన బృందంతో, పై దవడ గాడి వైపు నుంచి సొరంగాలు చేసుకుంటూ వెళ్లి, దూలాన్ని తీసేయకుండా అమర్చే మార్గం చూపించాడు. అదే ఏడాది గిబ్సన్, డేవిస్ కార్టిలేజ్ ఎందుకు వంగుతుందో వివరించారు. కార్టిలేజ్ రెండు ముఖాల్లోనూ బిగింపు ఉంటుంది. ఒక ముఖాన్ని గీస్తే ఆ పక్క బిగింపు సడలి, కార్టిలేజ్ రెండో పక్కకి వంగుతుంది. కాబట్టి లోపలికి గుంట పడిన వైపు గాట్లు పెడితే పలక సాపు అవుతుంది. ఈ రెండూ కలిస్తే నేటి సెప్టోప్లాస్టీ. ఒక పక్క పొరను మాత్రమే విడదీసి, రెండో పక్క పొరను వీలైనంత కార్టిలేజ్‌కే అంటిపెట్టుకుని ఉండనివ్వాలి. గాడిలోంచి జారిన చోట అడుగున సన్నటి పట్టీ తీసి, పలకను మధ్యకి తెచ్చి కూర్చోబెట్టాలి. ఎముక ముల్లుని తీసేయాలి, కార్టిలేజ్‌ని మాత్రం సాధ్యమైనంత మిగల్చాలి. ఒక పక్క పొర అంటుకునే ఉంటుంది కనుక కార్టిలేజ్‌కి తిండి ఆగదు, ఎదురెదురు చిరుగులు తగ్గుతాయి. బదులుగా ఒక నష్టం ఒప్పుకోవాలి. కార్టిలేజ్‌ని మిగిల్చినప్పుడు దాని వంకర బుద్ధి కూడా కొంత మిగులుతుంది. కొందరికి నెలల్లో మళ్లీ కొంత వంగుతుంది. ఈ మాట రోగికి ముందే చెప్పాలి.

ముందు అంచు జారిన వంకరకి 1929లోనే మెట్జెన్‌బామ్ దారి చూపించాడు. అడుగున, వెనక విడదీసిన పలకను కీలు మీద తలుపులా మధ్యకి తిప్పి, ముక్కు అడుగున ఉన్న ఎముక మొనకి కుట్టడం. కుట్టు ఆ మొన మీది గట్టి పొరను పట్టాలి. మెత్తటి కండని పట్టుకుంటే నెలలోపే జారుతుంది. మన దగ్గర దెబ్బ తగిలి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉండేది ఈ రకమే. ఇది ఎండోస్కోప్‌కి లొంగదు. హెడ్‌లైట్, సన్న కత్తెర, ఓపిక ఉంటే ఏరియా ఆసుపత్రిలో కూడా చేయవచ్చు. నేను ఒక్క పద్ధతినే విద్యార్థికి బాగా నేర్పగలిగే పరిస్థితి వస్తే దీన్నే నేర్పుతాను.

ఎండోస్కోప్ దారి వేరు. హాప్కిన్స్ గాజు కడ్డీల దుర్భిణి 1960 ప్రాంతంలో వచ్చినా, దానితో దూలం సరిచేయడం గురించి లాంజా, స్టామ్‌బర్గర్ రాసింది 1991లో. వెనక ఉన్న ఒంటరి ముల్లుకి ఇంతకన్నా మంచి సాధనం లేదు. ముల్లు మీదే చిన్న కోత పెట్టి, అక్కడి వరకే పొర లేపి, ముల్లు తీసి, పొర దించేస్తే పని అయిపోతుంది. ముందు భాగాన్ని ముట్టుకోనే అక్కర్లేదు. ఒకసారి ఆపరేషన్ అయి పొరలు అతుక్కుపోయిన ముక్కులో రెండోసారి దిగాల్సి వచ్చినా ఎండోస్కోప్ కావాలి. ఇంకో మేలు చదువుకి సంబంధించింది. హెడ్‌లైట్‌తో చేస్తున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో చేసేవాడికే కనబడుతుంది. తెర మీద అయితే గదిలో ఉన్న అందరికీ కనబడుతుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. సార్ కాలంలో ఇంత దగ్గరగా ఇన్ని కళాశాలలు ఉంటాయని ఊహించినవారు లేరు. అక్కడి పిల్లలు తెర మీద చూసి నేర్చుకుంటారు, నాకు సంతోషమే. చేతికి పొర స్పర్శ తెలిసేదాకా మాత్రం హెడ్‌లైట్ వదలవద్దని వాళ్లకు నా సలహా.

హెడ్‌లైట్‌తో చేసే సెప్టోప్లాస్టీని, ఎండోస్కోప్‌తో చేసేదాన్ని పోల్చిన పరిశోధనలు మన దేశంలోనే చాలా వచ్చాయి. వాటి సారం ఇది: ఊపిరి సుఖంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. పొర చిరగడం, లోపల అతుకులు పడటం ఎండోస్కోప్‌తో తక్కువ. కానీ ఆ పరిశోధనల్లో ముందు అంచు వంకర ఉన్నవాళ్లను చాలాచోట్ల పక్కన పెట్టేశారు. అంటే ఎండోస్కోప్ గెలిచే చోటే పోటీ పెట్టారు. ఇది గుర్తుంచుకునే ఆ లెక్కలు చదవాలి.

దూలం మొత్తాన్నీ బయటికి తీసి, బల్ల మీద సరిచేసి, మళ్లీ లోపల కుట్టే పద్ధతి ఒకటుంది. కింగ్, యాష్లీ 1952లో చెప్పారు, జర్మనీలో గుబిష్ దాన్ని నిలబెట్టాడు. ముక్కు బయటికి కూడా వంకరపోయిన, నుజ్జయిన దూలాలకు అది పనికొస్తుంది. ముక్కు వెన్ను దగ్గర తిరిగి పట్టు కుదరకపోతే కుంగుతుంది. అది ఏడాదికి ఎన్నో చేసేవాళ్ల చేతిలో ఉండాల్సిన పని. మనం కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపాల్సిన కేసు అది.

ఇక నేను చెప్పదలిచిన రెండో సగం. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర, ముంబై, పుణెల్లో మేడల దగ్గర మట్టి మోసినవాళ్లు. ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వలస తగ్గింది, పూర్తిగా ఆగలేదు. ఉగాదికో, పీర్ల పండుగకో ఊరికొచ్చిన మనిషి ఆ నాలుగు రోజుల్లోనే మన దగ్గరికొస్తాడు. ఆపరేషన్ అంటే అతను అడిగే మొదటి ప్రశ్న నొప్పి గురించి ఉండదు. "ఎన్ని దినాలు పండాలె సారూ, గుంపు మేస్త్రీ ఊకోడు" అంటాడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు. బస్సు ఫలానా రోజు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి కావడానికి ఇక్కడి పేదరికమే కారణం. పథకాలు ఆసుపత్రి ఖర్చు భరిస్తాయి. పోయిన కూలీని, పోయిన బస్సుని ఎవరూ భరించరు.

ఈ మనిషికి ముక్కు నిండా వాజలిన్ గాజుగుడ్డ కూరి, రెండో రోజున తీస్తామంటే సరే అంటాడు. సిలికాన్ పలకలు రెండు పక్కలా కుట్టి వారానికి రమ్మంటే సరే అని తల ఊపి, పలకలతోనే పుణె వెళ్లిపోతాడు. అక్కడ వాసన, చీము మొదలయ్యాక ఎవరో తీస్తారు. అందుకే రెండు పొరల్నీ కరిగే దారంతో అటూ ఇటూ బొంత కుట్టినట్టు కుట్టేసే పద్ధతిని ఇక్కడ నేను అన్నిటికన్నా ముందు పెడతాను. పొరల మధ్య రక్తం నిలిచే చోటే ఉండదు. గుడ్డ కూరాల్సిన అవసరం చాలామందికి ఉండదు. నెత్తురు కారడం, గడ్డకట్టడం గుడ్డ కూరినప్పటికన్నా ఎక్కువ లేవని, నొప్పి తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కుట్టడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. తీయడానికి రోగి తిరిగి రానక్కర్లేదు. ఒకే ముల్లు ఉన్నవాడికి ఎండోస్కోప్‌తో ఆ ముల్లు వరకే తీసి, నాలుగు కుట్లు వేసి పంపడం, అందంగా దూలమంతా సరిచేయడం కన్నా మేలు. విప్పిన చోటు ఎంత తక్కువైతే చూసుకోవాల్సిన గాయం అంత తక్కువ. ముందు అంచు వంకర ఉన్నవాడికి మాత్రం తొందర పనికిరాదు. అతని చేత మేస్త్రీకి ఫోన్ చేయించి, మనమే మాట్లాడి, వారం గడువు ఇప్పించుకుని ఆపరేషన్ చేయాలి. సార్ అలా మాట్లాడేవారు. డాక్టరు గొంతు వింటే మేస్త్రీలు చాలామంది ఒప్పుకునేవారు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చే వయసుమళ్లినవాళ్ల గురించి ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్లు వీళ్లు. నదీ జలాలు వచ్చాక పిల్లలు బయటపడుతున్నారు, కానీ పెద్దల మెడలు తిరిగి వంగవు. మెడ వెనక్కి వాలకపోతే మత్తు డాక్టరుకు గొంతులో గొట్టం వేయడం కష్టం. వీళ్లను బల్ల మీదికి తెచ్చాక తెలుసుకోవడం ప్రమాదం. మెడ ఎంత తిరుగుతుందో ఓపీలోనే చూడాలి, ఎక్స్‌రే తీయించాలి. చాలామందికి పాత పద్ధతే మంచిది: లిగ్నోకెయిన్, అడ్రినలిన్, మెలకువలోనే ఆపరేషన్. ఆ పద్ధతి కోసమైనా కొత్త తరం తిమ్మిరి మందు ఎక్కించే కళని మరిచిపోకూడదు. మందు సరిగ్గా పొర కిందికి చేరితే పొర తెల్లబడి తనంతట తానే లేస్తుంది. సగం విడదీత సూదితోనే అయిపోతుంది.

టర్బినేట్ల గురించి, అంటే ముక్కు లోపలి పక్క గోడల మీది కండల గురించి, క్లుప్తంగా. దూలం ఒక పక్కకి వంగితే ఖాళీ ఉన్న రెండో పక్క కింది టర్బినేట్ పెరుగుతుంది. దూలాన్ని మధ్యకి తెస్తే ఆ పక్క ఇరుకవుతుంది కనుక దాన్ని కొంత తగ్గించాల్సి రావచ్చు. పూర్తిగా కోసేయడం మాత్రం వద్దు. గాలికి తడినీ వేడినీ ఇచ్చేది అదే. ఈ పొడి నేలలో అది పోగొట్టుకున్న ముక్కు కష్టం చాలా ఎక్కువ.

పిల్లల విషయం ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ దూలం ఆపరేషన్‌నే తప్పించవచ్చు. కబడ్డీలోనో, సైకిల్ మీద నుంచో పడి ముక్కుకి దెబ్బ తగిలిన పిల్లవాడికి బయట నెత్తురు ఆగిపోతే ఇంట్లో ఊరుకుంటారు. రెండు రంధ్రాలూ మూసుకుపోయి, లోపల దూలం రెండు పక్కలా ఎర్రగా, నొక్కితే మెత్తగా ఉబ్బి ఉంటే అది గడ్డకట్టిన రక్తం. ఆ రోజే కోసి ఆ రక్తాన్ని బయటికి వదలాలి. మూడు నాలుగు రోజులు ఆగితే చీము పడుతుంది, కార్టిలేజ్ కరిగిపోతుంది, పెరిగే వయసులో ముక్కు కుంగిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న డాక్టరు దగ్గర టార్చి, దూది చుట్టిన పుల్ల ఉంటే ఇది కనిపెట్టవచ్చు. దెబ్బ తగిలిన ప్రతి ముక్కులోకీ తొంగి చూడమని బడుల్లో, అంగన్‌వాడీల్లో, ఆశా కార్యకర్తలకు చెప్పే పనిని ఈ సభ తన మీద వేసుకోవాలని కోరుతున్నాను.

చివరగా ఒక పని అడుగుతాను. ఈ రెండు జిల్లాల నుంచి దూలం ఆపరేషన్ చేయించుకుని పోయే ప్రతి మనిషి డిశ్చార్జ్ కాగితం మీద పక్క నుంచి చూసిన దూలం బొమ్మ ఒకటి ముద్రించి ఉండాలి. ఏ ముక్క తీశామో దాని మీద గీతలు కొట్టాలి. పైన ఎంత, ముందు ఎంత మిగిల్చామో మిల్లీమీటర్లలో రాయాలి. ఏ పక్క పొర విడదీశాం, చిరిగిందా, ఎక్కడ కుట్టాం, దారం కరిగేదా కాదా, లోపల తీయాల్సింది ఏమైనా ఉందా, ఉంటే ఏ తారీఖులోపు తీయాలి అన్నవి రాయాలి. కాగితం వెనక తెలుగులో మూడు మాటలు పెద్ద అక్షరాలతో: రెండు పక్కలా ముక్కు బిగుసుకుపోయినా, జ్వరం వచ్చినా, నెత్తురు ఆగకపోయినా వెంటనే దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లాలి. అవే మాటలు కింద హిందీలోనూ, మరాఠీలోనూ. పుణెలో అతన్ని చూసే డాక్టరు తెలుగు చదవలేడు. ఆ కాగితానికి నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. కళాశాలల ఈఎన్‌టీ విభాగాల వారు తీసుకుని, కావలసిన మార్పులు చేసి, ఈ నెల నుంచే వాడటం మొదలుపెట్టమని మనవి.